లూర్దమ్మ పరీక్షకు నేను తోడు పోయినందుకు

మొన్న నాకు జరిగిన మర్యాద ఏమని చెప్పేది! ఏసీ రూములో కూర్చోబెట్టినారు. టీ ఇచ్చినారు, బిస్కెట్లు ఇచ్చినారు. ఇచ్చి, అందరి ముందర నా బండారమంతా ఇంగ్లీషులో బయట పెట్టినారు. నేనేం చేసినానంటారా? మాట మాటకూ తల ఊపి "యస్, యస్" అన్నాను. వెనక కూర్చున్నోళ్ళకు కూడా వినపడాలని గట్టిగా అన్నాను!

మొదటి నుంచి చెప్తాను, వినండి.

మాది హిందూపురం. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ధర్మవరంలో మగ్గం నేసినాను. చూపు తగ్గినాక సొంతూరికి వచ్చి, ఉన్న ఇంటి మీద ఒక గది వేసి బాడిగకు ఇచ్చుకుంటున్నాం. పెనుకొండకు పోయే దారిలో ఒక యూనివర్సిటీ ఉంది. ఏయే దేశాల నుంచో పిల్లలు వస్తారు అక్కడికి. రాగానే అసలు చదువులోకి తీసుకోరు. ముందు ఇంగ్లీషు నేర్పిస్తారు, దాంట్లో పాసైతేనే మిగతాది.

మా మిద్దె మీద ఉండే పిల్ల పేరు లూర్దెస్. ఆఫ్రికాలో మొజాంబిక్ అని ఒక దేశం ఉందంట, అక్కడి నుంచి నర్సు చదువుకు వచ్చింది. ఇంట్లో పోర్చుగీసు మాట్లాడతారంట. మా ఇంటామె రామక్క మొదటిరోజే "లూర్దమ్మా" అని పిలిచింది. అదే ఖాయమైపోయింది. ఆ పిల్ల కూడా "అవ్వా, ఓ అవ్వా" అంటూ పలికేది.

ఆమెకు ఇంగ్లీషు రాదని కాదు. పుస్తకం చదువుతుంది, పేజీలకు పేజీలు రాస్తుంది. నోరు విప్పమంటేనే కష్టం. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. మాట్లాడే పరీక్ష ఒకసారి తప్పింది. కూడా వచ్చినోళ్ళంతా పాసైపోయినారు. గదిలో తోడున్న పిల్ల కూడా పాసై హాస్టల్లో చేరింది. ఈసారి గనక తప్పితే ఇంగ్లీషు చదువు మళ్ళీ మొదటి నుంచి. వాళ్ళ నాయన ఫోన్లో "ఈసారి కాకపోతే ఇంక వచ్చేయమ్మా" అన్నాడంట. అది నాలుగు తెలుగు ముక్కలతో, సైగలతో చెప్పి ఆ పిల్ల రామక్క కొంగు పట్టుకొని ఏడ్చింది.

ఆ పరీక్ష కూడా ఏం పరీక్షండీ! ఊరి మనిషిని ఒకరిని వెంట తీసుకుపోవాలంట. మేడం ముందర ఆ మనిషితో పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలంట. ప్రశ్నలు అడిగి మాట సాగించాలంట. ఆ వచ్చినోళ్ళు వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో ఒకటి చెప్తే చాలు, మార్కులు పిల్లలకే.

లూర్దమ్మ మా వీధి మందుల షాపాయన్ను అడిగి ఒప్పించుకుంది. ఆయన సరిగ్గా వారం ముందర "మొక్కు ఉండాదమ్మా, తిరుపతికి పోతాండా" అని చెప్పేసినాడు. ఆ పిల్ల వచ్చి మా మెట్ల మీద కూలబడింది.

"ఎవరన్నా ఇంగ్లీషు వచ్చినోళ్ళు ఉంటే చూడయ్యా, పాపం" అంది రామక్క.

"ఎవరో ఎందుకు, నేను లేనా?"

రామక్క చేటలో బియ్యం చేటలోనే పెట్టి నా వైపు చూసింది. "నువ్వా? నీకు ఇంగ్లీషు యాడొచ్చు?"

"ధర్మవరంలో రాత్రి బడికి పోయి ఏబీసీడీలు నేర్వలేదా? బస్సు బోర్డులు చదవడంలేదా?"

"చదువుతావు చదువుతావు. బోర్డు కన్నడంలో ఉన్నా చదివినట్లే తల ఊపుతావు."

అంతే! నాకు ఏదైనా రాదని ఎవరన్నా అంటే, ఇంక ఆ పని నేను చేసి తీరాల్సిందే. "ఈ పరీక్షకు నేనే పోతా. లూర్దమ్మా, లెయ్! కన్నీళ్ళు తుడుచుకో!" అన్నాను.

ఆ సాయంత్రం నుంచే మెట్ల మీద మొదలుపెట్టినాం. ఆ పిల్లకు ముందే చెప్పినాను, "నువ్వు చెప్పు, నేను తిరిగి చెప్తా. నాకు అట్లయితేనే ఎక్కుతుంది" అని. రాత్రి బడిలో మా చదువు అట్లే సాగింది. పగలంతా మగ్గం గుంటలో కూర్చొని వచ్చినోళ్ళం, అక్షరం చూస్తే నిద్ర వచ్చేది. అందుకని అయ్యవారు ఒక మాట అనేది, మేమంతా గొంతెత్తి అదే మాట అనేది. ఎవరి నోరు ఆగితే వాళ్ళ వీపున ఒక్కటి పడేది. ఒకరోజు అయ్యవారికి దగ్గు వచ్చింది. మేమంతా దగ్గినాం!

సరే. లూర్దమ్మ మెల్లగా, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంది.

"వాట్ ఈజ్ యువర్ నేమ్!" అన్నాను.

"మై నేమ్ ఈజ్ అశ్వత్థప్ప."

"మై నేమ్ ఈజ్ అశ్వత్థప్ప!"

నా పేరును ఇంగ్లీషులో పలకడం ఎంత దర్జాగా ఉందో! నేను ఎక్కడ పుట్టినాను, ఏం పని చేసినాను, ఏం తింటాను, అన్నీ అట్లే నేర్చుకున్నాను. వారం లోపల నా నోట్లో ఇంగ్లీషు నీళ్ళ మాదిరి పారింది. ఆ పిల్ల మాత్రం ఏందో సందేహంగా చూసేది. "తాతా, ఐ ఆస్క్... యూ ఆన్సర్" అని తనను చూపించి, నన్ను చూపించి చేతులు తిప్పేది.

"తెలుసులేమ్మా, నువ్వు చెప్పు."

"ఏమయ్యా, ఆ పిల్ల ఇంకేందో చెప్తాంది చూడు" అంది రామక్క లోపలి నుంచి.

"నువ్వు గమ్మునుండు! ఇది ఇంగ్లీషు విషయం."

పరీక్షరోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని బయల్దేరినాను. బస్సులో నాకు ఒక భయం పట్టుకుంది. నేర్చుకున్నదంతా నోటి నిండా ఉంది. ఇప్పుడు తెలుగు మాట్లాడితే అది కాస్తా జారిపోతే? అందుకని పెదాలు బిగించుకొని కూర్చున్నాను.

"యాడికి పెద్దాయనా?" అన్నాడు కండక్టర్.

నేను పలకలేదు. లూర్దమ్మ వైపు చూపించినాను. ఆమె టికెట్ కోసం ఫోన్లో యూనివర్సిటీ పేరు తీసి చూపించింది.

"ఏమప్పా, నోట్లో వక్కాకు ఉండాదా?" అన్నాడు ఆయన. దానికీ నేను పలకలేదు.

గేటు వచ్చింది. బస్సు ఆగలేదు. దిగేవాళ్ళు కేక వేస్తేనే ఆపుతాడు మరి! నేను లూర్దమ్మను చూసినాను. లూర్దమ్మ నన్ను చూసింది. నేను ఇంగ్లీషు జారిపోతుందని నోరు తెరవలేదు. ఆ పిల్ల ఏ మాట అంటే ఏం తప్పవుతుందో అని తెరవలేదు. ఇద్దరమూ మూగోళ్ళ మాదిరి గేటును చూసుకుంటూ దాటిపోయినాం. పెనుకొండ బస్టాండులో దిగి, మళ్ళీ ఆటో పట్టుకొని వెనక్కి వచ్చేసరికి మా వంతు దగ్గరపడింది. నాకు నా మీదే ఒళ్ళు మండింది. దాన్ని కూడా పలక్కుండా అట్లే మింగినాను.

రూములో మేడం ఒక బల్ల వెనక కూర్చుంది. చిన్న వయసే, మన వైపు మనిషే. వెనక కుర్చీల్లో మిగతా పిల్లలు, వాళ్ళు తీసుకొచ్చిన ఊరోళ్ళు. మాకంటే ముందు సూడాన్ పిల్లోడు ఒకడు, బేకరీ ఆయన్ను పెట్టుకొని, కేకుల గురించి గడగడ మాట్లాడేసినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. బేకరీ ఆయన నా వైపు చూసి మీసం సర్దుకున్నాడు. నీ కేకులు ఏపాటివి, ఇప్పుడు చూడప్పా మా సంగతి, అనుకున్నాను.

మా ఇద్దరినీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టినారు. లూర్దమ్మ గొంతు సగం లోపలే ఉంది. "వాట్ ఈజ్ యువర్ నేమ్?"

నేను రూము అదిరేటట్లు, "వాట్ ఈజ్ యువర్ నేమ్!" అన్నాను.

అని, తర్వాతి మాట కోసం ఆమె నోటి వైపు చూసినాను. రోజూ జరిగేది అదే కదా! ఆమె చెప్పాల, నేను తిరిగి చెప్పాల. ఆమె ఏమో నా నోటి వైపు చూస్తోంది. చెప్పదే! నేను కళ్ళు ఎగరేసినాను, చెప్పు చెప్పు అని. ఆమె కూడా కళ్ళు పెద్దవి చేసింది. మేడం గడియారం చూసుకుంది.

ఆఖరికి ఆ పిల్ల, దిక్కుతోచక, "మై నేమ్ ఈజ్ లూర్దెస్..." అంది.

ఇది మేము నేర్చుకున్నది కాదే, అనిపించింది. అయినా చెప్పే మనిషి చెప్పినాక తిరిగి చెప్పాల్సిందే కదా! "మై నేమ్ ఈజ్ లూర్దెస్!" అన్నాను.

వెనక కుర్చీలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. బేకరీ ఆయనైతే కడుపు పట్టుకున్నాడు. నా సంగతి సరే, లూర్దమ్మ ముఖం చూసినాను. ఏ నవ్వుకు ఇన్నాళ్ళూ భయపడిందో ఆ నవ్వు వచ్చేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. తలుపు వైపు చూస్తోంది. లేచి పోతే ఇంక అంతే, వాళ్ళ నాయన దగ్గరికే!

ఇంగ్లీషు లేదు, గింగ్లీషు లేదు. "చెప్పమ్మా! తర్వాతది చెప్పు! నేనుండానులే!" అన్నాను తెలుగులో.

"నో తెలుగు, ప్లీజ్" అంది మేడం.

"నో తెలుగు, ప్లీజ్!" అన్నాను నేను.

అప్పుడు లేచిందండీ లూర్దమ్మ! కుర్చీ వెనక్కి జరిగింది. "నో, తాతా! నో!" అని నా వైపు వేలు పెట్టి, ఇంక మొదలుపెట్టింది. ఏం ఇంగ్లీషు! ఆగదే! నాకు మధ్య మధ్య ఒక మాట తెలుస్తుంది, మిగతాది గాలికి పోతుంది. "యూ ఆర్ అశ్వత్థప్ప!" అంది. అది తెలిసింది. "ధర్మవరం" అంది. నా పని గురించి చెప్తోంది. "మోటర్" అంది. నేను రోజూ మిద్దె మీదికి నీళ్ళు ఎక్కిస్తాను కదా, ఆ ఉపకారం మరిచిపోలేదు, "యస్" అన్నాను. "గేట్" అంది. ఆడపిల్ల ఉందని రాత్రిపూట గేటుకు నేనే కాపలా. "యస్, యస్!" అన్నాను. "చిల్లీ" అంది. మా రామక్క చేతి ఊరిబిండి పచ్చడి పేరు మేడం దాకా పోయిందే! ఈసారి ఛాతీ చరుచుకొని "యస్!" అన్నాను.

వెనకోళ్ళు మళ్ళీ నవ్వినారు. ఈసారి లూర్దమ్మ తల వంచలేదు. నవ్వు అయిపోయేదాకా నిలబడి, మళ్ళీ అందుకుంది. ఒకసారి బేకరీ ఆయన వైపు కూడా తిరిగి ఏదో అడిగింది. ఆయన కూడా "యస్ మేడం" అన్నాడు! పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయినాయి. మేడం ఆపలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకొని వింటోంది.

ఆఖరికి ఊపిరి అందక ఆ పిల్లే ఆగింది. ఆగినాక, తాను ఎక్కడ నిలబడి ఉందో అప్పుడు గుర్తొచ్చినట్లు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాస్" అంది మేడం.

ఆ పిల్ల నన్ను పట్టుకొని ఎగిరింది. నా ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది. పోతే పోనీ! బేకరీ ఆయన వైపు చూసి నేనూ మీసం సర్దుకున్నాను. అంతటితో ఇంటికి పోయింటే ఎంత బాగుండు! టీ తాగుతా మేడంను కదిలించినాను.

"నా గురించి చానా చెప్పినట్లుంది కదమ్మా?"

మేడం పెదవి కొరుక్కుంది. "తెలుగులో చెప్పమంటారా పెద్దాయనా?"

"చెప్పమ్మా, చెప్పు."

"మీరు మొండివారంట. ఎవరి మాటా వినరంట. వారంరోజులు చెప్పినా, ఆమె అడగాల మీరు జవాబు చెప్పాల అన్న ఒక్క ముక్క మీకు ఎక్కలేదంట."

"ఆ... మోటర్ అంది?"

"ట్యాంకు పొంగుతుందని, ఆమె ముఖానికి సోపు పెట్టుకున్న సమయానికి సరిగ్గా ఆపేస్తారంట."

"గేటు?"

"రోజూ బయట నిలబెట్టి 'ఎవరు?' అని అడుగుతారంట. పేరు చెప్తే 'ఏ లూర్దమ్మ?' అంటారంట. మీ మిద్దె మీద ఇంకెంతమంది లూర్దమ్మలు ఉన్నారని అడిగింది."

చిల్లీ సంగతి నేను అడగలేదు. మేడమే చెప్పింది. కారమే లేదని నమ్మించి తినిపిస్తామంట. రాగి సంగటి ముద్ద నమలబోతే "నమలొద్దు, మింగు!" అని నేను ఎదురుగా కూర్చొని కాపలా కాస్తానంట. బస్సు సంగతి కూడా వచ్చేసింది. నేను యస్ అన్నది వీటికన్నమాట!

"ఏమీ అనుకోవద్దండి" అంది మేడం. "ఏడాదిగా మేము ఎంతమందిమి కలిసి చేసినా ఆ పిల్ల నోట్లో నుంచి నాలుగు మాటలు రాలేదు. ఇప్పుడామె హాస్టల్‌కు వచ్చేస్తుంది కదా, మీ గది ఖాళీ అయితే చెప్పండి. నోరు విప్పనివాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. మీ మిద్దె మీదికి పంపిస్తాను. కొన్నాళ్ళు మీతో ఉంటే చాలు, మాటలు వాటంతట అవే వస్తాయి."

ఇంటికి వచ్చి చెప్పు విసిరినాను. జరిగిందంతా రామక్కకు చెప్పినాను. ఆ పిల్ల పాసైందంటే దేవుడికి దండం పెట్టుకుంది. ఆ తర్వాత మోటరు, గేటు, సంగటి ఒక్కొక్కటే చెప్తుంటే, ఓదారుస్తుందేమో అని చూసినాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని భుజాలు ఊగేటట్లు నవ్వుతోంది.

"నవ్వుతావేందే? నాతో ఉంటే మూగోళ్ళకు కూడా మాటలొస్తాయంట! ఇదేం మాట?"

"ఆ మేడం సరిగ్గానే కనిపెట్టిందిలేయ్యా" అంది రామక్క కళ్ళు తుడుచుకుంటూ. "నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చిన పొద్దు, నాకు మాత్రం నోరు ఉండెనా?"