పోలిక ఆగే చోటు

గురువారం ఉదయం మా ఆంటీ పోయారు. చదువు కోసం దేశం దాటొచ్చి వాటర్లూలో నేను అద్దెకుండే బేస్‌మెంట్ పైన ఉన్న ఇల్లు ఆవిడదే. కిందికి దిగలేక అంకుల్ మెట్ల మీద నుంచే చెప్పారు. "అమ్మా, మీ ఆంటీ లేదింక." నేను స్టవ్ ఆపి నిలబడ్డాను.

ఆంటీ హైదరాబాద్‌లో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి. ఇక్కడ శనివారాలు లైబ్రరీ గదిలో తెలుగు పిల్లలకీ, వాళ్ల తల్లిదండ్రులకీ సైన్సు చెప్పేవారు. నాలాంటి స్టూడెంట్లు షిఫ్టు లేనప్పుడు వెళ్లి వెనక కూర్చునేవాళ్లం. అడిగితే తప్ప మాట్లాడొద్దని కాన్వెంటులో నేర్పారు నాకు. ఆవిడకది గిట్టేది కాదు. "ఇక్కడ సిస్టర్లెవరూ లేరు, నోరు తెరువు" అనేవారు. ఈ దేశంలో నేను మొదటిసారి గట్టిగా మాట్లాడింది ఆ గదిలోనే.

ఒక శనివారం కొత్తిమీర కట్టకున్న రబ్బరు బ్యాండు తీసి పైకెత్తారు.

"వెనక వరసా, ఇదేంటి?"

"చుక్క" అన్నాడొక పిల్లాడు.

"దగ్గరికి రా."

"రబ్బరు బ్యాండు."

"అదీ సంగతి. ఎలక్ట్రాను ఒట్టి చుక్క, దానికి పొడవూ వెడల్పూ లేవు అనుకుని లెక్కలు వేశాం. చక్కగా కుదిరాయి. గురుత్వాకర్షణను కలపబోయేసరికి చెడింది. రెండు చుక్కల మధ్య దూరం సున్నా దాకా పోవచ్చు కదా, అక్కడ జవాబు అనంతమై కూర్చుంటుంది. చుక్క కాదు, చాలా చిన్న తీగ అనుకో. రెండు తీగలు ఒక్క బిందువు దగ్గర కలవవు, ఆ కలయిక కాస్త పరుచుకుంటుంది. లెక్క నిలబడుతుంది. అదే తీగ ఒకలా కంపిస్తే ఎలక్ట్రాను, ఇంకోలా కంపిస్తే వెలుగు, మరోలా కంపిస్తే గురుత్వాకర్షణ."

"వీణ తీగలాగా అన్నమాట మేడమ్" అన్నారొకాయన ఉత్సాహంగా.

"లాగానే. కానీ వీణ తీగ లోహంతో చేస్తారు. ఇది దేనితో చేశారంటే? దేనితోనూ కాదు. పోలిక ఇక్కడిదాకే వస్తుంది, దిగిపోండి."

అందరూ నవ్వారు. ఏ పోలిక చెప్పినా అది ఎక్కడ పనికిరాదో కూడా చెప్పడం ఆవిడ అలవాటు. అది దాచిపెడితే మోసమే అనేవారు.

ఆస్పత్రిలో చేరాక, పోవడానికి కొద్ది రోజుల ముందు ఆంటీ అక్కడి నుంచి ఫోన్ చేసి, వచ్చే శనివారం నన్ను చెప్పమన్నారు. "ముందు వరసలో కూర్చుంటాలే. తప్పు చెబితే దగ్గుతా." ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

ఆవిడ పోయాక, మానేద్దామన్నాను. అంకుల్ వినలేదు. "పిల్లలొస్తారమ్మా. గది తాళమేసుంటే ఏమనుకుంటారు?"

వెళ్లాను. చుక్క గురించీ తీగ గురించీ చెప్పాను. ప్రతి వాక్యం తర్వాతా ఆగాను. ఎవరూ దగ్గలేదు. సరిగ్గా చెప్పానో లేదో తేల్చేవాళ్లు ఈ ఊళ్లో నాకిక లేరు.

చివర్లో ఒక చిన్న పాప చెయ్యెత్తింది. "అక్కా, ఈజ్ ఇట్ ట్రూ?"

"ఇంకా ఏ ప్రయోగంలోనూ తేలలేదమ్మా."

"ఆంటీకి తెలుసా?"

"తెలియకుండానే పోయారు."

"దెన్ హూ విల్ టెల్ అస్?"

నేను బోర్డు వైపు తిరిగి, ఉన్నదంతా తుడిచేశాను. వెనక్కి తిరిగేసరికి ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. నొప్పి పుట్టిందేమో, రెండో చేత్తో మోచేతిని పట్టి నిలబెట్టుకుంది.