ఏడ్చేవాళ్లు బేరమాడరు

మొన్న పటాన్‌చెరులో కొత్తగా తెరిచిన బట్టల షోరూంకి మా కోడలు నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. చల్లటి గాలి, అద్దాలు, దీపాలు, అన్నీ నాకు కొత్తే. కానీ కౌంటర్లో అమ్మాయి చీర మడత విప్పగానే గంజీ కలరా ఉండలూ కలిసిన పాత వాసన గుప్పుమంది. ఆ అమ్మాయి నావైపు వంగి, రహస్యం చెబుతున్నట్టు, "ఆంటీ, ఈ రంగులో ఇదొక్కటే మిగిలింది" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నారని కోడలు అడిగితే ఏం చెప్పను? యాభై ఏళ్ల కిందట సంగారెడ్డి బజారులో అదే మాట నేనూ అనేదాన్ని. నాకది నేర్పింది రుక్కమ్మ పెద్దమ్మ.

అరవైల చివర్లో మా నాన్న తెనాలి వైపు నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరారు. నేను సంగారెడ్డిలో టీచరు ట్రైనింగు చదువుతున్నానని అక్కడే, రుక్కమ్మ పెద్దమ్మ బట్టల దుకాణం మీది వాటాలో అద్దెకు దిగాం. నాన్న రోజూ బస్సులో వెళ్లి వచ్చేవారు. ఊరంతా పెద్దమ్మ అనే పిలిచే ఆవిడ పొట్టి మనిషి, గొంతు మాత్రం బజారు చివరిదాకా వినబడేది. భర్త పోయాక, బంధువులంతా వద్దంటున్నా, తానే దుకాణం గద్దె ఎక్కి కూర్చుంది. నా ట్రైనింగు అయిపోయి, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఒకసారి కింది నుంచి కేకేసింది. "మీద కూసొని ఈగలు గొట్టుకుంట ఏం జేస్తవు బిడ్డా? కిందికి రా, బట్టల తానులన్న సర్దు."

అలా ఆవిడ దగ్గర నా రెండో చదువు మొదలైంది. అమ్మకమంటే ధర చెప్పి డబ్బు పుచ్చుకోవడమే అనుకునేదాన్ని. "మొదలు గిరాకిని కూసోవెట్టు. కూసున్నోడు జల్దీ లేవడు. ఆనక చాయ్ తాపియ్యి. మన చాయ్ తాగినోనికి ఉత్తగ పోవుడు శరమనిపిస్తది" అనేది. ముందు బాగా ఖరీదైన చీర చూపిస్తే, తర్వాత చూపించేది చవగ్గా కనబడుతుందట. మీ వాడకట్టులో అందరూ ఇదే కొన్నారని చెప్పాలట. చివరగా, ఇదొక్కటే మిగిలిందనాలి. మా ఇంట్లో అబద్ధమాడితే అమ్మ అట్లకాడ తీసేది. నేను ఉండబట్టలేక, "ఇది మోసం కదా పెద్దమ్మా?" అన్నాను. ఆవిడకు కోపం రాలేదు. "బట్ట మంచిదైతె గిది యాపారం. బట్ట చెడ్డదైతె గిదే మోసం. మాటలు రెండింటికి ఒక్కటే. గందుకే మాటలు సూడకు, బట్ట పట్టి సూడు" అంది.

అయితే ఈ విద్యలేవీ పనికిరాని గిరాకీ ఒకటుంది. ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చి తెల్ల బట్ట అడిగాడు. భార్య పోయిందట. నేను అలవాటుకొద్దీ కూర్చోమన్నాను, రెండు రకాలు తీయబోయాను. పెద్దమ్మ కళ్లతోనే నన్ను ఆపింది. మాట్లాడకుండా మంచి బట్ట చింపి ఇచ్చింది, తాను కొన్న ధరే చెప్పింది. ఆయన ఎంత, ఏమిటి అని చూడకుండా డబ్బు ఇచ్చేసి వెళ్లాడు. "సావు బట్టకు బేరం లేదు బిడ్డా. గిది మా దుకాన్ల కట్టడి. వాళ్లు ఆడరు, మనం ఆడిపియ్యొద్దు. ఏడ్సేటోనికి నువ్వెంత జెప్తె గంత. గసొంటోనికి ఎచ్చు జెప్పుడు దోపిడి" అంది.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. ఒక పెద్ద నాయకుడి మీటింగుకు ఇద్దరం వెళ్లాం. పెద్దమ్మ ఆ మీటింగును ఎదుటివాడి దుకాణం చూసినట్టే చూసింది. ఆయన మొదట మా ఊరి అతిథి మర్యాదను పొగిడాడు. "అగో, చాయ్ తాపిండు" అంది నా చెవిలో. తర్వాత గుండెలదిరే ఆపదలు వర్ణించాడు. "పిరం చీర తీసిండు." ఇంక చివర్లో ఆయన చెయ్యెత్తి, ఇదే మీకు ఆఖరి అవకాశం అన్నాడు. నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. ముందు కూర్చున్న ఆడవాళ్లు తిరిగి ఉరిమి చూశారు. ప్రజలు తమంతట తామే కదిలి వచ్చారని ఆయన అంటుంటే, ముందుగా చప్పట్లు మొదలుపెట్టేవాళ్ల భుజాల మీద ఒకే రకం గళ్ల తువ్వాలలు కనబడ్డాయి. "నిన్న గవే మనం మోపు అమ్మినం గదనే" అంది పెద్దమ్మ. ఇంటికి నడుస్తూ మాత్రం వేరే మాట చెప్పింది. "ఆయన తన తల్లి ముచ్చట జెప్పినప్పుడు నాకు ఏడ్పొచ్చింది. అన్ని ఎరుకుండి గూడ వచ్చింది. గదే నాకు భయమైతుంది బిడ్డా."

ఆ భయం ఎందుకో డెబ్భైల మొదట్లో తెలిసింది. ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఇక్కడి పిల్లలకు దక్కడం లేదని ఊళ్లో కోపం రాజుకుంటోంది. అందులో న్యాయముంది. పెద్దమ్మ మేనల్లుడే ఎంతకాలంగానో గేటు చుట్టూ తిరుగుతున్నాడు. ఒక సాయంత్రం నలుగురు యువకులు ఆయాసపడుతూ దుకాణంలోకి వచ్చారు.

"పెద్దమ్మా, తెల్ల బట్ట తియ్యి. మనోన్ని సంపిండ్రు."

"అయ్యో, ఏడ బిడ్డా?"

"ఇస్నాపూర్‌ల. కిరాయి రూములల్ల ఉండే ఆంధ్రోళ్లు కొట్టి సంపిండ్రు. పాడె ఊరేగించాలె. వాళ్ల బస్సు వచ్చే యాల్లకు రోడ్డు మీద ఉండాలె."

ఆ బస్సులోనే మా నాన్న వస్తారు. పెద్దమ్మ బట్ట తాను దింపి, కొలిచి, కత్తెర పెట్టి ధర చెప్పింది. వాళ్లలో ఒకడు, "గింత పిరమా? జెర తగ్గియ్యి పెద్దమ్మా. పక్క దుకాన్ల ఇంకా కమ్మి ఉన్నది" అన్నాడు.

కత్తెర ఆగిపోయింది. ఆవిడ తలెత్తి వాడి ముఖంలోకి చూసింది. "పైసలొద్దు, ఊకెనే ఇస్త. పీన్గ ఎవ్వరిది? పేరు జెప్పు." ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మల్లేశు అన్నాడు ఒకడు. ఏ ఊరంటే, కర్దనూరన్నాడు. "తల్లి ఉన్నదా? ఎవ్వరింటోడు? నడువుండ్రి, నేనే వచ్చి తల్లి చేతికిస్త." ఆ బట్ట తాను భుజానికెత్తుకుని గద్దె దిగి నడిబజారులో నిలబడింది. అప్పటికే జనం పోగయ్యారు. "కర్దనూరోళ్లు ఎవ్వరన్న ఉన్నరా?" అని కేకేసింది. కూరగాయలు అమ్ముకోవడానికి వచ్చిన ఒకాయన ముందుకొచ్చాడు. "నేను పగటీలి ఊర్లకెల్లి వచ్చిన. మా ఊర్ల మల్లేశని ఎవ్వడు లేడు, ఎవ్వరు సావలే" అన్నాడు.

జనంలోంచి ఒక కుర్రవాడు అరిచాడు. "నువ్వు ఆంధ్రోళ్ల దిక్కా? మా నౌకరీలు పోతున్నయి, కనిపిస్తలేదా?"

"కనిపిస్తుంది. నౌకరీలు అడుగుండ్రి, మీతోని నేనొస్త, గేటు కాడ కూసుంట. గని లేని పీన్గను మొయ్యమంటె మొయ్య."

జనం మెల్లగా పలచబడ్డారు. అందరూ కాదు. ఊరి బయట బస్సు మీద రాళ్లు పడనే పడ్డాయి. నాన్న చొక్కా మీద గాజుపెంకులతో ఇంటికొచ్చారు, కానీ నడిచి వచ్చారు. నేను పెద్దమ్మను పట్టుకుని ఏడ్చాను. "వాడు బేరమాడిండు సూస్తివా? ఏడ్సేటోళ్లు బేరమాడరు" అంది నా వీపు నిమురుతూ. "గందుకే ముందు మనల్ని ఏడిపిస్తరు, ఆనక అమ్ముతరు. మా పోరగాండ్ల కడుపుమంట నిజమే. నిజమున్న కాడనే అబద్ధం మంచిగ అమ్ముడువోతది."

ఆ వారమే మావాళ్ల వంతు వచ్చింది. ఇస్నాపూర్‌లో కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలన్నీ ఒకచోట చేరాయి, మేమూ వెళ్లాం. మా పెద్దమనిషి ఒకాయన కళ్లొత్తుకుంటూ, మన ఆడపిల్లనొకతెను ఎత్తుకుపోయారనీ, లారీ సిద్ధంగా ఉందనీ, ఇప్పుడే బయల్దేరకపోతే ఇంక ప్రాణాలు దక్కవనీ చెప్పారు. అందరూ గొల్లుమన్నారు. నాన్న కూడా లేచారు, ఉద్యోగం వదిలేద్దామన్నారు. నేను లేచి, "ఆ అమ్మాయి పేరేంటండీ? ఎవరింట్లో అమ్మాయి? వెళ్లి వాళ్లమ్మను చూసొద్దాం" అన్నాను. ఆడపిల్లవు, కూర్చోమన్నారు. సిగ్గులేదా అన్నారొకరు. నేను కూర్చోలేదు. నాన్న ఆయన వైపు తిరిగి, "మా అమ్మాయి అడిగిందిగా, చెప్పండి" అన్నారు. ఆయన దగ్గర పేరు లేదు. కొందరు ఆ లారీ ఎక్కారు. మేం ఎక్కలేదు. ఆ ఉద్యోగంలోనే నాన్న రిటైరయ్యారు. నేను ఈ ప్రాంతపు బడుల్లోనే పాఠాలు చెప్పి, ఇక్కడే పిల్లల్ని కన్నాను.

పెద్దమ్మకు మాత్రం ఆ తర్వాత చాలాకాలం గిరాకీ పడిపోయింది. ఆంధ్రోళ్ల మనిషి అన్నారు. మావాళ్లలో కొందరు, ఎంతైనా ఆవిడ వాళ్ల మనిషే అన్నారు. ఆవిడ రెండూ విని, "ఇద్దరు కొనరు, ఇద్దరికి నేనే కావాలె తిట్టనీకి" అని నవ్వేది. ఒకరోజు అడిగాను, ఆ పూట నడిబజారులో భయం వేయలేదా అని. "ఎందుకెయ్యలే? కాళ్లు చేతులు గజగజ వణికినయ్. తాను భుజం మీద ఎందుకేస్కున్న అనుకున్నవు? చేతులు వణుకుడు కనవడొద్దని."

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా కాలనీలో పొద్దున్నే ఎవరో ఒకరు ఫోన్‌లో ఏదో ఘోరం చూపించి, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నాకూ కళ్లు చెమరుస్తాయి. అవి తుడుచుకుని అడుగుతాను, ఆ పిల్ల పేరేమిటి, ఇల్లెక్కడ, పోయి చూసొద్దామా అని. దాంతో నాతో మాటలు మానేసినవాళ్లున్నారు. సొంత తమ్ముడే ఒక పండక్కి మా గడప తొక్కలేదు. అడిగిన ప్రతిసారీ నా చేతులు వణుకుతాయి. నా భుజం మీద ఏ తానూ లేదు గనక ఆ వణుకు అందరికీ కనబడుతుంది. కనబడనీ అనుకుని అడుగుతాను.