విషమని రాయని చేయి

డాక్టర్ వెంకటప్పయ్య గారు ఇక లేరన్న వార్త పోయిన మంగళవారం సత్తెనపల్లిలో విన్నాను. ఒక గేదెకు సెలైన్ ఎక్కిస్తూ ఫోనెత్తాను. మూత్రపిండాల వ్యాధితో ఏడాదిగా కృశిస్తున్నారని తెలుసు. తెలిసీ చూడ్డానికి వెళ్లలేదు. ఇప్పుడు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమంటున్నారు. బతికుండగా ఆయన్ని ఒక్క మంచి మాట అన్నవాళ్లు లేరు, నాతో సహా.

తొంభైల చివర కనిగిరి మెట్టలో ఆయన పశువైద్యులు, నేను ఆయన కింద కొత్తగా చేరినవాణ్ణి. అక్కడ సన్ననడుము, పొడుగు కాళ్ల పందెం కుక్కలుండేవి. గెలిచిన కుక్క యజమానికి ఊళ్లో కొత్తల్లుడి మర్యాద. ఆ కుక్కలు రెండు మూడేళ్ల ప్రాయంలోనే పరుగెత్తుతూ కూలిపోసాగాయి. ఇంటింటా పత్తిమందు డబ్బాలున్న రోజులు. కుక్క చచ్చిందంటే పక్క చేనువాడు మందు పెట్టాడనే అనేవారు. శవాన్ని మోసుకొచ్చి, "విషమని రాయండి సారూ, మిగతాది మేం చూసుకుంటాం" అనేవారు.

ఆయన కోసి చూసేవారు. విషం జాడ కనిపించేది కాదు. గుండె మాత్రం ఉబ్బి, గోడలు పల్చబడి, తడిసిన గుడ్డసంచిలా జారిపోయేది. చచ్చిన ప్రతి కుక్క తల్లినీ తండ్రినీ, వాటి తల్లిదండ్రులనూ అడిగి రాసుకున్నారు. ఎటు నుంచి వెతికినా దారి పంచాయతీ ప్రెసిడెంటు గారి మెరుపు దగ్గరికే చేరింది. అది పేరుమోసిన మగకుక్క. దాని కూతుళ్లకూ మనవరాళ్లకూ మళ్లీ దాన్నే జత కట్టించారు. మెరుపు పదేళ్లొచ్చినా హాయిగా తిరుగుతుంటే, జబ్బు దాని రక్తంలో ఉందంటే ఎవరు నమ్ముతారు? తండ్రిలో దాగినది పిల్లల్లో బయటపడుతుందని, ఈ వంశంలో జత ఆపమని ఇల్లిల్లూ తిరిగి బతిమాలారు. ఊళ్లోవాళ్లు కుక్కల కోత డాక్టరని ఆయన వెనక నవ్వుకున్నారు.

మంచి కుక్క చస్తే పసుపు కుంకుమలు పెట్టి, కొత్తగుడ్డ చుట్టి, చేనుగట్టున పూడ్చడం అక్కడి ఆచారం. కోసిన శవానికి ఆ గౌరవం ఉండదు. అందుకని ఆయన కోత కనబడకుండా సన్నగా కుట్టి, కడిగి, తుడిచి అప్పగించేవారు. పావుగంటలో చూసినదానికి గంటసేపు కుట్టేవారు. "చచ్చిన కుక్క అబద్ధం చెప్పదయ్యా, తెచ్చినవాడు చెప్తాడు" అనేవారు నాతో.

తెచ్చినవాడే కాదు, కోసినవాడూ చెప్తాడు. ఆయన సెలవులో ఉండగా ప్రెసిడెంటు గారి కుక్క ఒకటి చచ్చింది. నేనే కోశాను. ఆ గుండెను చూశాను. ఆయన నేర్పినట్టే మందునీళ్ల సీసాలో భద్రపరిచాను. అయినా ప్రెసిడెంటు గారు ఎదురుగా కూర్చుంటే విషమనే రాశాను. పక్క చేనులో మిరప వేసిన సుభానీని పోలీసులు తీసుకెళ్లి రెండు రోజులు కూర్చోబెట్టారు.

సంగతి తెలిసి డాక్టరు గారు బస్సు దిగీ దిగగానే ఆ సీసాతో స్టేషనుకు వెళ్లారు. ఎస్సై బల్లమీద పెట్టి, గుండె ఎలా ఉండాలో, ఇది ఎలా ఉందో ఓపికగా చెప్పి సుభానీని విడిపించుకొచ్చారు. నన్ను తిట్టలేదు. "చూడకుండా రాస్తే పొరపాటు అనుకునేవాణ్ణి. చూసి రాశావు" అన్నారు. నెల తిరక్కుండా ఆయనకు దూరానికి బదిలీ అయింది. నాకు కాలేదు.

మొన్న కనిగిరిలో సంతాపసభ పెట్టారు. పటానికి దండ వేసింది అప్పటి ప్రెసిడెంటు గారే. స్వర్గీయుల స్మృత్యర్థం ఏటేటా కుక్కల పందెం జరిపిస్తామని, గెలిచినవాడికి మెరుపు వంశపు పిల్లను బహూకరిస్తామని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి సుభానీ లేచాడు.

"ఆ పిల్ల గూడా చచ్చిపోద్ది గదండీ. డాక్టరు గారు ఆ మాటే గదా మొత్తుకుంది" అన్నాడు. ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టారు. కూర్చుంటూ నావైపు చూశాడు. ఆ సభలో ఆ గుండెలను కళ్లారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను లేవలేదు.

ఆ సత్యసంధుడికి నమస్కరించే అర్హత నాకు లేదు, అయినా నమస్కరిస్తున్నాను. ఆయన మరణం తీరని లోటని వక్తలందరూ అన్నారు. ఆ లోటు ఎక్కడుందో నాకు తెలుసు. ఆ సభలో నేను కదలకుండా కూర్చున్న కుర్చీలో ఉంది.