జపాను బొమ్మలు, సత్యవేడు బోర్డు

ఇప్పుడంటే ఫోను మీద వేలు పెడితే చాలు, ఏ దేశపు బొమ్మల కథైనా అరచేతిలోకి వచ్చి కూర్చుంటోంది. ఏ భాషలో మాట్లాడమంటే ఆ భాషలో మాట్లాడుతుంది, కింద అక్షరాలు వద్దంటే ఎదురు చెప్పకుండా మాయమవుతాయి. నేను డిగ్రీ ముగించుకుని తిరుపతిలో ఇంటిపట్టున కూర్చున్న కాలంలో ఇంత మర్యాద ఎక్కడిది? డిస్కుకు ఒక పౌరుషం, దాన్ని ఆడించే ప్లేయరుకు ఇంకో పౌరుషం. ఆ రెండింటి మధ్యా నలిగినదాన్ని నేను. సత్యవేడు వైపు అప్పుడప్పుడే జపాను కంపెనీలు వస్తున్నాయి, జపాను మాటలు వచ్చిన పిల్లలు దుభాషీ పనికి కావాలట అని ఎవరో చెప్పారు. చిన్నప్పటి నుంచీ జపాను బొమ్మల కథలంటే పడిచచ్చేదాన్ని, అది విన్నాక ఊరుకుంటానా? పుస్తకం తెచ్చుకుని అక్షరాలు దిద్దాను, వ్యాకరణం బట్టీ పట్టాను. అమ్మ మాత్రం బి.ఎడ్. చెయ్యమని పట్టుబట్టింది. (అమ్మ పుట్టింట్లో అందరూ టీచర్లే. ఆ ఇంట్లో ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, మిగతా వాళ్లు చేతులు కట్టుకుంటారు.) చివరికి ఒప్పందం కుదిరింది. ఇంటర్వ్యూలో నెగ్గితే సత్యవేడు, పోతే నోరెత్తకుండా బి.ఎడ్.

చిక్కంతా నా చెవులతోనే. చదివితే అర్థమయ్యే జపాను, ఎవరైనా మాట్లాడితే మాత్రం నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉండేది. అది తెలిసి, మద్రాసులో ఉండే మా చిన్నమామ హార్బరు దగ్గర విదేశీ సరుకుల బజారులో ఒక డిస్కు కొనుక్కొచ్చాడు. అమెరికాలో అమ్మడానికి తయారైన జపాను బొమ్మల సినిమా. అట్ట మీద ఎర్ర గొడుగు పట్టుకున్న పిల్ల. "ఇంగ్లీషూ ఉండాది, జపానూ ఉండాది పాపా. బాగా విని ఉద్యోగం కొట్టు" అన్నాడు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. ప్లేయరు డిస్కును మింగి, కాసేపు గరగరలాడి, తెర నిండా నీలిరంగు పరిచి, 'రాంగ్ రీజియన్' అని రెండే రెండు ముక్కలు చూపించింది.

మా నాయన బస్సు డిపోలో కంట్రోలరు. రీజియన్ అనే మాటకు ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. చిత్తూరు రీజియన్, నెల్లూరు రీజియన్, కడప రీజియన్.

"అదే మల్ల! వేరే రీజియన్ బండిని తెచ్చి మన డిపోలో పెడితే యాడన్నా ఒప్పుకుంటారా? ఇది యాడిదబ్బా?" అని చిన్నమామను నిలదీశాడు.

"అమెరికాది బావా."

"సూడు మరి. ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాల్సిందే. మ్యూచువల్ దొరికితే బిన్నా, రెండు దినాల్లో అయిపోతాది."

(మ్యూచువల్ అంటే అక్కడి ఉద్యోగి ఇక్కడికి, ఇక్కడి ఉద్యోగి అక్కడికి ఇచ్చిపుచ్చుకునే బదిలీ. ఆ లెక్కన మా ఇంటి నుంచి ఒక డిస్కు అమెరికాకు పోవాలి. మా ఇంట్లో ఉన్నది అమ్మ భక్తి పాటల డిస్కు ఒక్కటే. దాన్ని పంపాలంటే ముందు అమ్మను ఒప్పించాలి.)

డిస్కులకూ ప్లేయర్లకూ కంపెనీలు దేశాల వారీగా తాళాలు వేస్తాయని ఇంటర్నెట్ సెంటర్లో వెతికితే తేలింది. మా ప్లేయరులాంటి చవకరకం వాటికి రిమోటు మీద కొన్ని అంకెలు వరసగా నొక్కితే ఆ తాళం ఊడుతుందట. నొక్కాను. ఎర్ర గొడుగు పిల్ల వానలో నడుచుకుంటూ తెర మీదికి వచ్చేసింది. "ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చేసిందే!" అని నాయన చప్పట్లు కొట్టాడు.

ఆ సంబరం జపాను భాష పెట్టేదాకే. పెట్టగానే తెర కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చి తిష్ఠ వేశాయి. తీసేద్దామని నొక్కితే, కుదరదంటూ మూలన ఒక అడ్డగీత గుర్తు. ఇంగ్లీషు భాష పెట్టుకుంటే అక్షరాలు బుద్ధిగా వెళ్లిపోతాయి, కానీ వాటితోపాటు నాకు కావలసిన జపానూ వెళ్లిపోతుంది. కంటి ముందు అక్షరాలుంటే చదవకుండా ఉండగలమా? కళ్లు చదివేస్తుంటే చెవులు హాయిగా నిద్రపోయేవి. చూడగా చూడగా కథంతా కంఠతా వచ్చింది, జపాను ముక్క ఒక్కటీ చెవికెక్కలేదు. ఇంటర్వ్యూ చూస్తే దగ్గరపడుతోంది. వంటింట్లోకి వెళ్లి తాలింపు ఘాటు సాకుతో ఏడ్చేశాను.

మర్నాడు నాయన డిపో నుంచి వస్తూ చంకలో ఒక రేకు పలక తెచ్చాడు. బస్సు ముందు తగిలించే పాత బోర్డు. పసుపు రంగు మీద నల్లని అక్షరాలు: 'తిరుపతి – సత్యవేడు, వయా పుత్తూరు, నాగలాపురం.' దాన్ని టీవీ ముందు, రెండు క్యారియర్ డబ్బాల ఆసరాతో నిలబెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు కొలత తీసినట్టు దాని వెనక్కి పోయాయి.

"కొత్త బోర్డులు వచ్చినాయి పాపా, ఇది మూల పడుండాది. మేనేజరుని అడిగే తెచ్చినాలే. ఇంక సదవలేవు గదా, గమ్మున విను" అన్నాడు.

విన్నాను. అదొక విచిత్రమైన సినిమా. ఎర్ర గొడుగు పిల్ల ఏడ్చినా కింద సత్యవేడే, నవ్వినా సత్యవేడే. అమ్మ బియ్యం ఏరుకుంటూ చూసి చూసి, "ఏమ్మే, సత్యవేడు పోయేదానికి ఆ పిల్ల అంత ఏడస్తాదెందుకు? బస్సులు లేవా?" అని అడిగింది. రోజులు గడిచేకొద్దీ ఆవాల చిటపటలోంచి ఒక్కొక్క మాట విడిగా వినబడసాగింది. ఒక సాయంత్రం ఆ పిల్ల రైల్వే స్టేషన్లో ఎవరినో ఏదో అడిగితే, తెర మీద వాళ్ల కంటే ముందు నేనే జపానులో జవాబు చెప్పేశాను. తిరిగి చూస్తే నాయన టీవీ వైపు కాదు, నా వైపు చూస్తున్నాడు.

ఇంటర్వ్యూ సత్యవేడులో, కంపెనీలోనే. నాయనే తోడొచ్చాడు. ఆయన గేటు దగ్గర కూర్చున్నాడు, నేను లోపలికి వెళ్లాను. పెద్దవయసు జపాను ఆయన, పక్కన మనవాడొకాయన. పేరు, చదువు అడిగితే బాగానే చెప్పాను. ఆ తర్వాత జపాను ఆయన గబగబా ఇంకేదో అడిగాడు. అంతే, ఆవాలు మళ్లీ చిటపటమన్నాయి. నా కళ్లు వాటంతటవే కిందికి దిగి, ఆయన చొక్కా గుండీల దగ్గర అక్షరాల కోసం వెతికాయి. అక్కడేముంటాయి? బుర్ర మొత్తం గాలించినా కనబడింది ఒక్కటే.

"తిరుపతి, సత్యవేడు, వయా పుత్తూరు, నాగలాపురం!" అనేశాను, అచ్చం కండక్టరు గొంతుతో.

బి.ఎడ్. కాలేజీ గేటు నా కళ్ల ముందు బార్లా తెరుచుకుంది. జపాను ఆయన మెల్లగా తల ఊపి, పక్కాయనతో ఇంగ్లీషులో అన్నాడు: "ఇక్కడికి ఎలా వచ్చారని అడిగాను. దారి ఎంత స్పష్టంగా చెప్పిందో!"

తిరుగు బస్సులో నాయన అడిగాడు, "ఏమడిగినారు పాపా?"

"ఎట్ల వచ్చినావని."

"నువ్వేం చెప్పినావు?"

"బోర్డు చదివినాను నాయనా."

అర్థమయ్యాక ఆయన నవ్విన నవ్వుకు బస్సులో అందరూ మా వైపు తిరిగారు. ఉద్యోగం వచ్చింది. అమ్మ బి.ఎడ్. దరఖాస్తు చింపలేదు, జాగ్రత్తగా మా పెద్దమ్మ కూతురికి ఇచ్చింది.

తీయడానికి వీల్లేని ఆ అక్షరాల గుట్టు తర్వాత ఆ జపాను ఆయనే చెప్పాడు. అమెరికాలో డిస్కులు చవకట. జపాను వాళ్లు నాలాగే తాళం ఊడదీసుకుని అక్కడి నుంచి తెప్పించుకోకుండా, వాళ్లకు విసుగు పుట్టాలని అలా అతికించేవారట. జపాను వాళ్లను విసిగించడానికి అమెరికాలో వేసిన ఎత్తు తిరుపతిలో నన్ను ఏడిపించింది, పాపం.

మొన్న ఆదివారం ఆ సినిమానే కొత్త టీవీలో పెట్టుకున్నాను. అక్షరాలు తీసేశాను, ప్రతి మాటా అర్థమవుతోంది. అయినా ఏదో వెలితి. స్టేషన్ దృశ్యం వచ్చేసరికి నా కళ్లు తెర అడుగుకు పోయి ఊరికే తిరిగొచ్చాయి. తాలింపు ఘాటు సాకుతో ఏడ్చిన ఆనాటి నన్ను దగ్గరికి తీసుకోవాలనిపించింది. పక్కనే కూర్చున్న నాయన కాసేపు చూసి అన్నాడు:

"బోర్డు లేకుంటే ఆ పిల్ల యాడికి పోతా ఉండాదో తెలీలేదు పాపా."

లేచి వెళ్లి, అటక మీది బోర్డు దించి, దుమ్ము తుడిచి టీవీ ముందు పెట్టాను.