దసరా కల్లు, మే నెల కడుపునొప్పి

మా బాపు గోదావరిఖని బొగ్గుగనిలో సర్దార్. షిఫ్టు మొదలవగానే గనిలోకి ముందు ఆయన దిగుతాడు. ఇనుప రాడ్డుతో పైకప్పు కొట్టి శబ్దం వింటాడు. గట్టిగా మోగితే మిగతావాళ్లు లోపలికి పోతారు. బోలుగా మోగితే ఎవరు చెప్పినా పోనివ్వడు. నిన్న చూసిన కప్పే కదా అని ఒక్క రోజూ వదిలేసిన మనిషి కాదు. చూసిందంతా రిపోర్టు పుస్తకంలో రాస్తాడు. నీటి చుక్క కారినా రాస్తాడు. ఆ అలవాటే ఆయన్ను ముంచింది.

ఆ మే నెలలో ఒక పొద్దున ఆయనకు కడుపు పైభాగంలో నొప్పి మొదలై వీపులోకి పొడుచుకుపోయింది. ఆటోలో దుప్పటిలా మడిచి కూర్చోబెట్టి దగ్గర్లో ఉన్న ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లాం. దాని పేరు రాయను. రాస్తే ప్రచారం అవుతుంది. రక్తపరీక్ష చేసి క్లోమం వాచిందన్నారు. మా ఇంట్లో అందరికీ క్లోమం ఉంటుందని ఆరోజే తెలిసింది.

పెద్ద డాక్టరు వచ్చాడు.

"ఏం పని చేస్తవ్?"

"బాయిల సర్దార్ను సార్."

"తాగుతవా?"

బాపు అంత నొప్పిలోనూ ఆలోచించాడు. అబద్ధం రిపోర్టు ఇవ్వకూడదు కదా. "దసరాకు ఇంత కల్లు తాగిన సార్," అన్నాడు.

బాయి అంటే గని, గని అంటే తాగుడు; ఆ మాట దగ్గరే డాక్టరు పెన్ను కదిలింది. మద్యం వల్ల వచ్చిందని రాసేశాడు. దసరా అయిపోయి ఏడు నెలలు. ఆ కల్లు అంతకాలం ఓపిక పట్టి, ఎండలు ముదిరాక తీరిగ్గా వచ్చి పొడిచిందన్నమాట.

రెండో రోజుకు వాంతులు ఆగాయి. "ఆకలైతున్నది సార్," అన్నాడు బాపు. నోట్లో నీళ్లు కూడా పోయొద్దన్నారు. అలా నాలుగు రోజులు. సెలైను మాత్రం ఎక్కుతోంది, దాంతోపాటు మూడు రకాల యాంటీబయాటిక్స్. ఇన్ఫెక్షన్ ఉందా అని అడిగితే, రాకుండా అన్నారు.

చదవడానికి వేరే ఏమీ లేక నేను నర్సుల టేబుల్ వెనక గోడ చదివాను. మందుల కంపెనీ క్యాలెండరు ఎత్తి చూస్తే, దాని వెనక ప్లాస్టిక్ అతికించిన ఇంగ్లీషు కాగితం ఒకటి ఉంది. క్లోమం వాపుతో వచ్చినవాళ్లకు ఏం చెయ్యాలో అందులో వరసగా ఉంది. పిత్తాశయంలో రాళ్లున్నాయేమో మొదట్లోనే స్కానింగ్ చేసి చూడాలి. తట్టుకోగలిగితే తొందరగా తిండి పెట్టాలి. ఇన్ఫెక్షన్ లేకుండా యాంటీబయాటిక్స్ వద్దు. రాళ్ల వల్లే వచ్చి, జబ్బు ముదరకపోతే, ఇంటికి పంపే ముందే పిత్తాశయం తీసెయ్యాలి. స్కానింగ్ గది సరిగ్గా మా వార్డు కిందే ఉంది. బాపు మంచం కాలు దాని నెత్తిమీదే ఉండి ఉంటుంది.

"అక్కా, గీ కాగితం ఎవలికోసం?" అని నర్సును అడిగాను.

"తనిఖీకి అచ్చేటోళ్లకు తమ్మీ."

ఆమె వెటకారమేమీ చెయ్యలేదు. ఉన్నమాట చెప్పింది. నాకు నవ్వు రాలేదు, అదే విచిత్రం. ఆ కాగితం లేకపోయి ఉంటే వాళ్లకు తెలియదు పాపం అనుకునేవాణ్ని. తెలుసు. తెలిసి, గోడకు తగిలించి, దానిమీద క్యాలెండరు వేలాడదీశారు.

స్కానింగ్ లేకుండానే, తాగొద్దని పాఠం చెప్పి ఇంటికి పంపారు. అమ్మ వారం రోజులు బాపుతో మాట్లాడలేదు. మేనమామ పండ్లు పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "ఏంది బావా, గిన్నేండ్లు ఒక్కనివే తాగినవా? మాకొక్క చుక్క పొయ్యకపోతివి!" అందరూ నవ్వారు. బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వానలు పడ్డాక, డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలోనే మళ్లీ ముడుచుకుపోయాడు. ఈసారి నొప్పితోపాటు ఒళ్లు చల్లబడింది. దగ్గరని మళ్లీ అక్కడికే పరుగెత్తాం. కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మ, ఎవరూ చెప్పకుండానే, ఆయన్ను కింది గదికి పంపి స్కానింగ్ చేయించింది. పది నిమిషాల పని. పిత్తాశయం నిండా రాళ్లు. అవి మే నెలలోనూ అక్కడే ఉండి ఉంటాయి, ఎవరైనా చూస్తారేమోనని.

నాలుగు రోజులకు వాపు తగ్గింది. పెద్ద డాక్టరు వచ్చాడు. "ఇప్పుడు ఇంటికి పోండ్రి. ఆరు వారాలైనంక అస్తే ఆపరేషన్ చేద్దాం."

నేను నోరు తెరిచాను. అందులో ఏముందో ఇక్కడ రాయలేను. బాపు చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. నెమ్మదిగా లేచి కూర్చున్నాడు.

"సార్, కప్పు బోలుగ మోగిందంటే నేను ఒక్కన్ని గూడ లోపలికి పంప. మేనేజరు అచ్చి చెప్పినా పంప. నా కడుపుల ఏమున్నదో మీరే చూసిండ్రు. చూసి గూడ పొమ్మంటున్నరు. గదే మాట కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టుండ్రి. పోత."

ఆయన అరవలేదు. గనిలో సర్దార్లు పై అధికారిని అడిగే తీరే అది. రాసివ్వమంటే చాలామంది అధికారులకు వేరే పని గుర్తొస్తుందట. డాక్టరు పెన్ను తీశాడు, చూశాడు, జేబులో పెట్టుకున్నాడు. "సర్జన్‌తోని మాట్లాడుత," అన్నాడు.

రెండు రోజులకు ఆపరేషన్ అయింది. అడిగి చేయించుకోవాల్సిన పని కాదది. మే నెలలోనే కావలసిన పని. మధ్యలో మా బాపు చావు దగ్గరిదాకా పోయొచ్చాడు, తాగుబోతు పేరుతో.

ఇంటికి వచ్చే రోజు, డాక్టరు వద్దన్నా వినకుండా, బాపు పాత కేసు షీట్ తెప్పించాడు. మద్యం అన్న మాట కొట్టించి, పక్కన సంతకం పెట్టించుకున్నాకే చొక్కా వేసుకున్నాడు. నేను గోడ మీది క్యాలెండరు తీసి పక్క మేకుకు తగిలించాను.

వారానికి కుట్లు చూపించుకోవడానికి పోయాం. క్యాలెండరు మళ్లీ కాగితం మీదికే వచ్చింది.