ట్రాక్టర్ షెడ్డులో కారు చరిత్ర

శనివారం ఉదయం ఆరుంబావుకి నేనూ మా అమ్మాయి నిత్యా ఈ డాలర్ల దేశంలో మా ఊరైన డబ్లిన్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాం. ఇటలీవాళ్ళ ఖరీదైన కార్ల చరిత్ర తెలుసుకోవడానికి వెళ్తూ రైలెక్కడం ఏమిటని మీరు అడగొచ్చు. మా కారు మెకానిక్ దగ్గరుంది. వారం రోజులుగా అక్కడే ఉంది. దానికీ ఒక చరిత్ర ఉంది కానీ ఎవరూ అడగడం లేదు.

ఈ ప్రయాణానికి కారణం నేనే. ఎనిమిదో తరగతి చదువుతున్న నిత్య స్కూల్లో చరిత్ర ప్రాజెక్టు కోసం ఒక స్పోర్ట్స్ కార్ల కంపెనీ పుట్టుకను ఎంచుకుంది. పేరు చెప్పను. బానెట్ మీద ఎద్దు బొమ్మ ఉంటుందంటే మీకే తెలిసిపోతుంది. ఆ కథ తనకి చిన్నప్పటి నుంచీ చెప్పింది నేనే. ఇటలీలో ట్రాక్టర్లు తయారుచేసే ఒకాయన బాగా సంపాదించి, అప్పట్లో పేరుమోసిన స్పోర్ట్స్ కారు కొన్నాడట. క్లచ్ మాటిమాటికీ పాడవుతుంటే, కారు చేసినాయన దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడట. "ట్రాక్టర్లు నడుపుకునేవాడివి, కార్ల సంగతి నీకేం తెలుసు" అన్నాడట ఆయన. ఆ రోషంతో ఈయన సొంతంగా కార్ల కంపెనీ పెట్టేశాడట.

ఇంతవరకూ లోకమంతా చెప్పుకునేదే. తిరిగొచ్చి కారు తాళాలు బల్ల మీద విసిరికొట్టాడన్నది మాత్రం నా స్వంతం. చాలా ఏళ్ళ క్రితం తలా ఒక వంటకం తెచ్చే ఒక పాట్‌లక్‌లో, వినేవాళ్ళు ఒక్కొక్కరే బిర్యానీ వైపు జారుకుంటుంటే వాళ్ళని ఆపడానికి విసిరించాను. ఆగారు. అప్పట్నుంచీ విసిరిస్తూనే ఉన్నాను.

నిత్య ప్రాజెక్టు అట్ట మీద సరిగ్గా నడిమధ్యన ఆ తాళాలు గాల్లో ఎగురుతున్నాయి. రెండు వారాలు కూర్చుని రంగులేసింది. టీచర్ పక్కన ఎర్రసిరాతో "ఆధారం?" అని రాసింది. నిత్య "మా నాన్న" అంది. టీచర్ ఒప్పుకోలేదు. మా ఆవిడ స్రవంతి కూడా ఏ విషయంలోనూ నన్ను ఆధారంగా ఒప్పుకోదు కాబట్టి టీచర్‌ని తప్పుపట్టలేను. సోమవారానికి కళ్ళారా చూసిన మనిషి మాట తేవాలి, లేకపోతే ఆ బొమ్మ తీసెయ్యాలి. ప్రాజెక్టు మొత్తం ఆ బొమ్మ మీదే నిలబడి ఉంది.

నిత్య ఊరుకోలేదు. పాత ట్రాక్టర్లు దాచుకునేవాళ్ళ సంఘానికి తనే ఈమెయిల్ రాసింది. మొడెస్టో నుంచి రెంజో అనే పెద్దాయన జవాబిచ్చాడు. పదహారేళ్ళప్పుడు ఇటలీలో అదే ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిలో చేరాడట, తర్వాత ఇక్కడికి వలసొచ్చాడట. జవాబంతా పెద్దక్షరాల్లో ఉంది: "శనివారం రండి. బురదలో నడిచే బూట్లు తెచ్చుకోండి."

ఒకచోట మెట్రో మారి రిచ్‌మండ్‌లో దిగాం. పెద్ద రైలు కూడా అక్కడికే వస్తుంది. మెట్లు దిగి ఎక్కితే చాలు. ఇద్దరికీ రానూపోనూ టికెట్లు పెట్రోలు ఖర్చు కంటే ఎక్కువే అయ్యాయి. అయితే సీట్లు వెడల్పు, బల్ల ఉంటుంది, కిటికీ పక్కన కాసేపు నీళ్ళు కూడా కనిపిస్తాయి. ఎనిమిది దాటాక బయల్దేరింది. చపాతీల్లో గుడ్డూ ఆవకాయా చుట్టి తెచ్చుకున్నాం. పొట్లం విప్పగానే వెనక సీట్లోంచి ఒక తల లేచింది.

"అన్నా, తెలుగోళ్ళేనా? వాసనకే సమజయింది."

పేరు నరేశ్. కరీంనగర్. ఫ్రెస్నోలో ఎమ్మెస్ చేస్తున్నాడు. చపాతీ తీసుకుని మా ఎదురు సీట్లోకి మారాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఆ కథ నాకెర్కనే అన్నా! ఈయన పోయి అడిగితె ఆయన మొహం మీదనే తలుపేసిండంట గదా?"

నిత్య నోట్‌బుక్ తెరిచింది. "అంకుల్, తలుపు వేసింది ఎవరు చూశారు?"

"అంకులేంది పాపా, నాకు ఇర్వై మూడే! ఏదో వీడియోల చూసిన."

"ఆ వీడియోలో మనిషి అక్కడ ఉన్నాడా?"

నరేశ్ నావైపు చూశాడు. నేను కిటికీలోంచి చూశాను. బయట ప్రత్యేకంగా ఏమీ లేదు.

"నీ బిడ్డ లాయరైతదన్నా."

"ఇప్పటికే అయింది. ఫీజు మాత్రం నేనే కడుతున్నాను."

"సెకండ్ వెర్షన్, నో సోర్స్" అని రాసుకుని, "రెంజోకి తాళాల సంగతి తెలిసుంటుంది, నాన్నా. ఆయన అక్కడే కదా వర్క్ చేసింది" అంది నిత్య. స్టాక్‌టన్ వచ్చేలోపు నిజం చెప్పేద్దామనుకున్నాను. స్టాక్‌టన్ వచ్చింది. రైలు అక్కడ కొన్ని నిమిషాలే ఆగుతుంది. ఆ మాటకి అంత తక్కువ సమయం చాలదని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఏమో, ఆ ట్రాక్టర్ల యజమాని నిజంగానే విసిరి ఉండొచ్చు కదా అని లోపల చిన్న ఆశ.

పదింబావు దాటాక మొడెస్టోలో దిగాం. నరేశ్ నిత్యకి "ఆల్ ది బెస్ట్ లాయరమ్మా" అని చెయ్యూపి ఫ్రెస్నోకి సాగిపోయాడు. స్టేషన్ ఊరికి దూరంగా ఉంటుంది. వెళ్ళదలచినవాళ్ళు ముందే ఎవరితోనైనా చెప్పి పెట్టుకోవాలి. మాకోసం రెంజోనే పికప్ ట్రక్కులో వచ్చాడు. ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. ముందు మా కాళ్ళవైపు చూశాడు. నిత్య బూట్లు చూసి తలూపాడు. నావి చూసి ట్రక్కు తలుపు తీశాడు.

ఇరవై నిమిషాల్లో అక్రోటు తోటల మధ్య ఒక రేకుల షెడ్డు దగ్గర ఆపాడు. లోపల నారింజ రంగు ట్రాక్టరు, ఆయన ఆ ఫ్యాక్టరీలో ఉన్న రోజుల్లో తయారైందట. తాళం తిప్పగానే దగ్గుతూ లేచింది. మా కారు గుర్తొచ్చి కాస్త చిన్నబోయాను.

నిత్య ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి సూటిగా అడిగింది. "ఆ అవమానం మీరు విన్నారా?"

"లేదు. నేను ట్రాక్టరు కింద ఉన్నాను."

"మరి మీకు ఎవరు చెప్పారు?"

"సెలూన్‌లో విన్నాను. మా ఊళ్ళో అందరూ అక్కడే విన్నారు. సెలూనాయన ఎక్కడ విన్నాడో ఎవరూ అడగలేదు. ఆయన చేతిలో కత్తి ఉండేది కదా."

నిత్య నవ్వలేదు. "మీ ఓనర్ తిరిగొచ్చాక తాళాలు బల్ల మీద విసిరారు కదా?"

"ఏ తాళాలు?"

ఇంజను శబ్దానికి ఏమీ వినిపించనట్టు ఉండొచ్చని అనుకున్నాను. అంతలో రెంజో ఇంజను ఆపేశాడు.

"అది నేను కలిపింది, తల్లీ," అన్నాను.

"కలిపింది అంటే? స్టోరీ మేక్ అప్ చేశావా?"

"అవును."

"టూ వీక్స్ కలర్ చేశాను, నాన్నా."

ఏం చెప్పినా ఆ రోజుకి నా మాట చెల్లదు. నిత్య రికార్డింగ్ ఆపేసి ట్రాక్టరు చక్రం మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఓదార్చే పనైనా దొరికేది.

మా తెలుగులోంచి ఇంగ్లీషు ముక్కలు పట్టుకున్నట్టున్నాడు, రెంజో నావైపు తిరిగి, "మా సెలూన్‌లో మీకంటే బాగా కలిపేవాళ్ళు" అన్నాడు. తర్వాత నిత్య పక్కన ఒక డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. "నేను చూడనిది అడిగావు. చూసింది అడుగు."

నిత్య మళ్ళీ రికార్డింగ్ నొక్కింది. "ఏం చూశారు?"

"కార్ల పనికి ట్రాక్టర్ షెడ్డులోంచి ఎవరొస్తారని అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. మాకు తిండి పెట్టింది ట్రాక్టరు. కారు పిచ్చి రెండేళ్ళలో దిగిపోతుందనుకున్నాం. మా మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. అలా వెళ్ళాను." లేచి గోడకున్న పదిహేడో నంబరు పానా తీసుకొచ్చి నిత్య చేతిలో పెట్టాడు. "పొద్దున ట్రాక్టరుకి, మధ్యాహ్నం కారుకి, ఇదే పానా. ఒక్కటే తేడా. కారు దగ్గరికి వెళ్ళేముందు చేతులు కడుక్కోమనేవాళ్ళు."

నిత్య ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. గంటన్నర అడుగుతూనే ఉంది. సబ్బు ఏ రంగు, మేస్త్రీ ఏ చెయ్యి ఎత్తాడు, మొదటి కారు షెడ్డులోంచి బయటికొస్తే ట్రాక్టర్లవాళ్ళు ఏమన్నారు. (ఏమీ అనలేదట. భోజనాల వేళ.) కంపెనీ తర్వాత చేతులు మారి, మళ్ళీ మారి, ఇప్పటికీ కార్లు చేస్తూనే ఉందని నేను అందించబోయాను. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. మానేశాను.

టమాటా సూపూ గట్టి రొట్టే పెట్టాడు. పానా ఇమ్మని నిత్య అడిగితే, "ఇది ఇంకా పనిలో ఉంది" అన్నాడు. కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకోనిచ్చాడు. జిడ్డు వేలిముద్ర ఒకటి కాగితానికి అంటింది. తుడవబోతే నిత్య వద్దంది.

రెండున్నర ప్రాంతంలో తిరుగు రైలు. స్టేషన్‌లో రెంజో నాతో కరచాలనం చేశాడు, నిత్యతో రెండుసార్లు చేశాడు. రైలు కదిలాక ఆలోచిస్తే, ఆయన ఒక్క "అవును" అనేసి ఉంటే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు, పిల్ల సంతోషిస్తుంది, నేను బతికిపోతాను. ఇరవై నిమిషాల ముందు పరిచయమైన పిల్ల కోసం ఆయన ఆ మాట అనలేదు. నా జీవితంలో నాకు మేలు చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ, నన్ను ఇరికించి మేలు చేసింది ఈయనొక్కడే. నిండుగా కృతజ్ఞుణ్ణి.

నిత్య స్టాక్‌టన్ దాకా కాగితం మీద ఏదో రాసుకుంటూ కూర్చుంది. స్టాక్‌టన్‌లో, "కోపం ఇంకా ఉంది," అంది. ఉండనీ అన్నాను. "కానీ ఇది బెటర్ బొమ్మ" అని పానా గీసిన కాగితం బల్ల మీద పరిచింది. అడుగున పెన్సిల్‌తో రాసి ఉంది: "అవమానం: వర్క్‌షాప్‌లో ఎవరూ వినలేదు. చేతులు కడుక్కోవడం: రెంజో చూశాడు."

టికెట్లు చూసే ఆవిడ వచ్చి కాగితం దగ్గర ఆగింది. "ఏమిటిది? ఏదో పెద్ద కథ ఉన్నట్టుందే" అని నన్ను అడిగింది. ఇలాంటి ప్రశ్న ఎదురైతే ముందు గొంతు సవరించుకోవడం నాకలవాటు. సవరించుకున్నాను కూడా.

"మా అమ్మాయిని అడగండి," అన్నాను. "తనకి తెలుసు."

నిత్య నావైపు ఒకసారి చూసి, ఆవిడకి కనపడేలా కాగితం తిప్పింది. చెప్పడం మొదలుపెట్టింది. మూడు నిమిషాలు పట్టింది. ఆవిడ మిగతా టికెట్లు మర్చిపోయి నిలబడే ఉంది.