నా లోడర్ నేనే నింపుకుంటాను: మెట్టుగూడ నుంచి పెయింట్‌బాల్ మైదానం దాకా

ఈ ప్రయాణం నాకు సరదాతో మొదలవలేదు, ఒళ్లు మంటతో మొదలైంది. మెట్టుగూడలో మా స్కూలుకు ఉన్నదే ఒక చిన్న గ్రౌండు. వారంలో నాలుగు రోజులు, ఎండ ముదరకముందు వచ్చే మూడో పీరియడ్‌లో అది మగపిల్లలది. ఆడపిల్లలకు శుక్రవారం ఆఖరి పీరియడ్ ఇచ్చారు, అదీ స్కూలు వ్యాన్లన్నీ వచ్చి గ్రౌండు నిండా నిలబడ్డాక. నేను సైన్సు టీచర్ని, ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. ఏడాదిగా ప్రతి స్టాఫ్ మీటింగులో ఈ మాట ఎత్తుతున్నాను. పీఈటీ యాదగిరి సార్ ఏడాదిగా ఒకే జవాబు చెబుతున్నారు. "ఆడపిల్లలు ఆడరు మేడం, నీడకు కూసుంటరు. గ్రౌండ్ ఎందుకు వేస్ట్ చేసుడు?" వ్యాన్ల చక్రాల మధ్య వాళ్లు ఏం ఆడాలో మాత్రం ఆయన ఒక్కసారీ చెప్పలేదు.

ఇంతలో స్టాఫ్ పిక్నిక్ వచ్చింది. ఎప్పుడూ పార్కేనా అని ఈసారి మా ప్రిన్సిపల్ మేడం శామీర్‌పేట దాటాక ఉన్న ఒక పెయింట్‌బాల్ మైదానం బుక్ చేశారు. మనిషికి తొమ్మిది వందలు. అందులో ఆట, టీ, మధ్యాహ్నం భోజనం, నూరు రంగు గోళీలు వస్తాయి. టెంపో రోజంతటికీ నాలుగున్నర వేలకు మాట్లాడుకున్నాం. శనివారం ఉదయం ఏడింటికి మెట్టుగూడ చౌరస్తాలో ఎక్కాం. సీతాఫల్‌మండిలో లెక్కల టీచర్ స్వరూపను ఎక్కించుకుని, చిలకలగూడ మీదుగా సికింద్రాబాద్ దాటి, తిరుమలగిరి, అల్వాల్ దారిలో కరీంనగర్ రోడ్డు పట్టుకున్నాం. శనివారం అయినా జూబ్లీ బస్టాండు దగ్గర ఇరవై నిమిషాలు కదల్లేదు. "ఆరింటికి ఎక్కితె ఈ పరేషాన్ ఉండకపోవు మేడం. మీరేమో చాయ్ తాగి, టిఫిన్ తిని షురూ చేస్తిరి" అని డ్రైవర్ నర్సింగ్ అద్దంలోంచి నన్నే చూసి అన్నాడు. టిఫిన్ దగ్గర ఆలస్యం చేసింది మగ స్టాఫ్. మాట పడింది నేను.

అల్వాల్ దాటాక జట్ల మాట వచ్చింది. ఆడవాళ్లం ఐదుగురం ఒకవైపు, మగవాళ్లు ఐదుగురు ఒకవైపు, మూడు ఆటలు. నేను మళ్లీ మూడో పీరియడ్ సంగతి ఎత్తాను. యాదగిరి సార్ సీట్లోంచి వెనక్కి తిరిగి పకపకా నవ్వారు. "ఇయ్యాల మమ్ములను ఓడగొట్టుండ్రి మేడం. సోమవారం నుంచి మూడో పీరియడ్ మీ పిల్లలకే." ముందు సీట్లో ఉన్న ప్రిన్సిపల్ మేడం వెంటనే "నేను విన్నాను యాదగిరిగారూ" అన్నారు. పిల్లల హక్కును ఒక ఆటకు పందెం పెట్టడమేమిటని నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ ఏడాదిగా హక్కు అని అడిగితే ఒరిగిందేమీ లేదు. సరే అన్నాను.

ఎనిమిదిన్నరకు చేరాం. పెయింట్‌బాల్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. మార్కర్ అనే గాలి తుపాకీతో రంగు నిండిన గోళీలు పేలుస్తారు. గోళీ పగిలి ఒంటిమీద రంగు పడితే ఆట నుంచి బయటికి వెళ్లాలి. గోళీలు పోసుకునే డబ్బాను లోడర్ అంటారు. చాలాచోట్ల అది తుపాకీ నెత్తిన గిన్నెలా ఉంటుంది, గోళీలు వాటి బరువుకే కిందికి జారతాయి. ఇక్కడ ఉన్నవి స్ప్రింగు లోడర్లు. జానెడు పొడవున్న నల్ల ప్లాస్టిక్ పెట్టె, అడుగున స్ప్రింగు, దాని మీద గోళీలను పైకి నెట్టే చిన్న పలక. పెట్టెను తుపాకీకి కిందినుంచి తగిలిస్తారు. ఇరవై గోళీలు పడతాయి.

మైదానం ఇన్‌చార్జి మహేశ్. ముప్పై ఏళ్లుంటాయి, మాట మర్యాదగానే ఉంది. మగవాళ్ల ఐదుగురినీ బల్ల దగ్గరికి పిలిచి, ఖాళీ లోడర్లూ గోళీల సంచీ ఇచ్చి, ఎలా నింపాలో చూపించడం మొదలుపెట్టాడు. మేమూ వెళ్లి నిలబడ్డాం. "మీకు తక్లీఫ్ వద్దు మేడం, లేడీస్‌కి రెడీగ నింపి పెట్టినం" అని మూతికి రబ్బరు బిరడాలు పెట్టి ఉన్న లోడర్ల ట్రే తెచ్చి మా ముందు పెట్టాడు. పసిపిల్లలకు పాలసీసా అందించినట్టుగా ఉంది ఆ వరస. అప్పుడే ఎదురు చెప్పాల్సింది. ఎండలో మాస్కు బిగించుకునే హడావిడిలో ఊరుకున్నాను. నా తప్పే.

మొదటి ఆట మాకు పరువు తక్కువ. స్వరూప తన లోడర్ బిరడా ఊరికే పీకింది. లోపల నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా ఇరవై గోళీలనూ ఆమె ముఖం ముందునుంచి ఎగరగొట్టింది. మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది. బిరడా తీసేముందు పెట్టె పక్కనున్న చిన్న పిడిని, అంటే నాబ్‌ను, కిందికి లాగి స్ప్రింగును గాడిలో ఆపాలని మాకెవరు చెప్పారు? మగవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. నేను కాల్చిన మూడో గోళీ గొట్టంలోనే పగిలింది. ఆ తర్వాత ఏది కాల్చినా పక్కకి వంకర తిరిగి పోయింది. పదకొండు నిమిషాల్లో ఐదుగురమూ రంగులతో బయట ఉన్నాం. "చెప్తి గదా మేడం, నీడకు కూసోవాలె" అన్నారు యాదగిరి సార్. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడినందుకు కాదు. సోమవారం క్లాసులో మా పిల్లల ముఖాలు ఎలా చూడాలా అని.

పదకొండింటికి టీ విరామం. వంట చేసే పెద్దావిడ ఎల్లమ్మ రేకుల కింద వేడివేడి మిర్చి బజ్జీ వేస్తోంది. నా చేతికి, మెడకు ఉన్న రంగు చూసి "తుపాకిల్నే పగిలిందా బిడ్డా?" అని అడిగింది. ఆమెకెలా తెలుసని అడిగాను. "ఆడోళ్లు వచ్చినప్పుడల్లా గిట్లనే అయితది. రాత్రే నింపి పెడ్తరు గద, పొద్దుగాల పని తప్పుతదని. మొగోళ్లు మేమే నింపుకుంటమని కొట్లాడ్తరు. మీరు అడగరు, మీకు గవే ఇస్తరు."

నా చేతిలో బజ్జీ అలాగే ఆగిపోయింది. గోళీ పైపొర జెలటిన్. మందుల క్యాప్సూళ్లకు వాడే పదార్థమే. చెమ్మ తగిలితే మెత్తబడుతుంది, వేడికి సాగుతుంది. దాన్ని రాత్రంతా స్ప్రింగు ఒత్తిడి కింద ఒకదాని మీద ఒకటి నొక్కి ఉంచి, పొద్దున రేకుల కింద వేడిలో పెడితే గుండ్రంగా ఎందుకుంటుంది? ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను, నా ముందు పెట్టిన ట్రే చూసి నాకు ఒక్క ప్రశ్న తోచలేదు. ఆ ఇన్‌చార్జి మీద ఎంత కోపమొచ్చిందో నా మీద నాకు అంతకు రెట్టింపు వచ్చింది.

ఎల్లమ్మ దగ్గర స్టీలు పళ్లెం అడిగి తీసుకుని మహేశ్ బల్ల దగ్గరికి వెళ్లాను. మగవాళ్ల సంచీలోంచి ఒక గోళీ తీసి పళ్లెంలో వదిలాను. అంచు వెంట సాఫీగా తిరిగింది. మా ట్రేలోని లోడర్‌లోంచి ఒకటి తీసి వదిలాను. కుంటుకుంటూ సగం దూరం పోయి ఆగిపోయింది. ఇంకోటి, ఇంకోటి. అన్నీ అంతే. అందరూ చుట్టూ చేరారు.

"లేడీస్‌కి కష్టమైతదని మేమే..." అని మహేశ్ నసిగాడు.

"నాబ్ లాగడం కష్టమా బాబూ? నేను రోజూ నాలుగో అంతస్తుకు నీళ్లు మోస్తాను. మీ పని తేలిక కావాలని మాకు పాడైన సరుకు అంటగట్టి, దానికి మర్యాద అని పేరు పెడతావా? వేరే సంచీ తెరువు. ఎలా నింపాలో మాకూ చూపించు."

స్వరూప నా పక్కన వచ్చి నిలబడి "ఏందన్నా, పైసలు మేము సుత గంతే కట్టినం గదా!" అంది. మహేశ్ ముఖం ఎర్రబడింది. కొత్త సంచీ విప్పాడు.

నింపడం నిజంగా రెండు నిమిషాల పని. లోడర్‌ను నిటారుగా పట్టుకుని నాబ్ కిందికి లాగి గాడిలో తిప్పాలి. గోళీలను ఒక్కొక్కటే వేళ్ల మధ్య తిప్పి చూసి, నొక్కు ఉన్నదాన్ని పక్కన పెట్టి, మంచివాటిని మూతిలోంచి జారవిడవాలి. చేతులు పొడిగా ఉండాలి. కింద పడ్డ గోళీని మళ్లీ వేయకూడదు, దానికి అంటిన ఇసుక గొట్టాన్ని గీకుతుంది. ఇరవై దాటితే ఇరికించకూడదు. తుపాకీకి తగిలించి, మైదానంలోకి అడుగుపెట్టాకే నాబ్ వదలాలి. అప్పటిదాకా స్ప్రింగు గోళీల జోలికి రాదు. అన్నిటికంటే ముఖ్యం, కాల్చిన ప్రతి గోళీనీ లెక్కపెట్టుకోవాలి. పెట్టె కిందినుంచి తగిలి ఉంటుంది కాబట్టి లోపల ఎన్ని మిగిలాయో కనపడదు.

రెండో ఆట గెలిచాం. నా గోళీలు చూపు పెట్టినచోటికి పోతుంటే మొదటిసారి ఆట అంటే ఏమిటో తెలిసింది. భోజనంలో ఎల్లమ్మ బగారా అన్నం, కోడికూర మా ఐదుగురికీ కొసరి కొసరి వడ్డించింది.

మూడో ఆట మూడింటికి మొదలైంది. చివరికి ఇనుప డ్రమ్ముల వెనక ఆయన, ఇరవై అడుగుల దూరంలో టైర్ల వెనక నేను మిగిలాం. ఆయన ఎడతెగకుండా కాలుస్తున్నారు. నేను మాస్కులో గొణుక్కుంటూ నావి కాదు, ఆయనవి లెక్కపెట్టాను. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. తర్వాత ఉత్త గాలి చప్పుడు వినపడింది. నేను లేచి బయటికి వచ్చాను. ఆయన ఖాళీ లోడర్ ఊడదీసి చేత్తో పట్టుకుని, "ఒక్క నిమిషం మేడం, జెర ఆగుండ్రి, నింపుకుంటా" అన్నారు.

"మా పిల్లలు ఏడాదిగా ఆగారు సార్" అని కాల్చాను. ఛాతీ కవచం మీద పసుపు రంగు పూసింది. వెనక నుంచి స్వరూప అరిచిన అరుపుకు ఎల్లమ్మ కూడా వంటపాకలోంచి బయటికి వచ్చింది.

తిరుగు దారిలో యాదగిరి సార్ "ఊకె నవ్వులాటకు అన్న మేడం" అని మెల్లగా అనబోయారు. ప్రిన్సిపల్ మేడం వెనక్కి తిరగకుండానే "సోమవారం, మూడో పీరియడ్" అన్నారు. ఆరున్నరకు మెట్టుగూడలో దిగాం.

సోమవారం మూడో పీరియడ్‌లో నా ఎనిమిదో తరగతి ఆడపిల్లలను తీసుకుని గ్రౌండుకు వెళ్లాను. ఒక్క వ్యాను లేదు. ఇంత పెద్దగా ఉంటుందా మన గ్రౌండు అనిపించింది. యాదగిరి సార్ వాలీబాల్ తెచ్చి పిల్లల ముందు వేశారు. అది ఎగరలేదు, చప్పున నేలకు అతుక్కుని కూర్చుంది. గాలి లేదు. మగపిల్లల బంతులు స్టోర్ రూంలో గట్టిగా నిండి ఉన్నాయని నాకు తెలుసు. ఆయన కావాలని తెచ్చారని అనను. చేతికి దొరికింది తెచ్చారు, అంతే. మహేశ్ కూడా మాకు చెడు చేయాలని రాత్రి లోడర్లు నింపలేదు. వీళ్లు అడగరులే అన్న నమ్మకం చాలు, మనకు చేరేది ఎప్పుడూ మెత్తబడిందీ, వాడిపోయిందీ, గాలి పోయిందీ అవుతుంది. నాకు మళ్లీ నషాళానికి అంటింది. నోరు తెరిచేలోపే మా క్లాసు శ్రావణి ఆ బంతిని నొక్కి చూసి, దాన్ని చంకలో పెట్టుకుని సార్ ముందుకు వెళ్లింది. "పంపు ఇయ్యండి సార్. గాలి మేమే కొట్టుకుంటం."

మీరూ ఇలాంటి మైదానానికి వెళ్తే ఒక్క జాగ్రత్త తీసుకోండి. నింపి ఉంచిన లోడర్ ఎంత మర్యాదగా ఇచ్చినా పుచ్చుకోకండి. ఖాళీది అడిగి, ప్రతి గోళీనీ పళ్లెంలో ఒకసారి దొర్లించి చూసి, మీ చేత్తో మీరే నింపుకోండి.